ఖాళీ పంక్తి

రాత్రి తొమ్మిదికి కేశవదాసుపాలెంలో కరెంటు పోయింది.
గట్టు మీద ఏరేటర్లన్నీ ఒక్కసారే నోరు మూశాయి.
నీళ్లడుగున రొయ్యకి ఊపిరి ఇంకా ఎన్ని గంటలుందో
ఏసుపాదం వేళ్ల కణుపుల మీద లెక్కేసుకుంటున్నాడు.
నా ఒళ్లో లాప్‌టాప్.
బ్యాటరీ నలభై ఒక్క శాతం.

గాలిమర చేద్దామన్నది అతనే.
ఆరంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువునా చీల్చి
రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి
వెల్డింగు షాపులో మూడు రెక్కలు తీశాడు.
"లైన్‌మేన్‌ని నమ్మేకన్నా సముద్రం గాలి నయవండి" అన్నాడు.
నిజమే.
కానీ రెక్కని ఎంత వాలుగా బిగించాలో
గాలి అతనికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

రెక్క అడ్డుకోతని గ్రాఫు కాగితం మీద ఆనించి
పెన్సిలు చుట్టూ తిప్పాను.
వెనక కొస దగ్గర బయల్దేరి, వీపు మీదుగా ముక్కు దాకా,
ముక్కు దిగి పొట్ట కిందుగా మళ్లీ కొసకి.
డెబ్బై ఆరు చుక్కలు.
ఒక్కటి వరస తప్పినా
రెక్క తనలో తనే ముడిపడిపోతుంది.

లెక్క కట్టే ఎక్స్‌ఫాయిల్ పాతకాలపు మనిషి.
ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒక ఎంటరు.
రెక్క మార్చిన ప్రతిసారీ దాని ముందు కూర్చుని
జవాబులు కొడుతూ పోతే
చెరువు పట్టుబడికి వచ్చేస్తుంది.
అందుకని ఆక్టేవ్‌లో ఒక మధ్యవర్తిని రాశాను.
నేను చెప్పాల్సిందంతా ముందే చీటీ రాసి
దాని తలుపు కింద నుంచి తోసేసి
ఇవతల కూర్చునే ఏర్పాటు.

ఈ చుక్కలు తీసుకో.
వాటి మీద పలకలు నునుపుగా పరుచుకో.
గాలికి జిగటుంది, మరిచిపోకు: రేనాల్డ్స్ ఎనభై వేలు.
మైనస్ రెండు నుంచి పద్నాలుగు దాకా
అర డిగ్రీ, అర డిగ్రీ ఎక్కు.
ఎత్తెంత, లాగుడెంత, రాసిపెట్టు.
ఇక సెలవు.

పంపాను.
కర్సరు వెలిగింది. ఆరింది. వెలిగింది.
ముప్పై మూడు శాతం.
"ఏవంటుందండి?"
"ఏమీ అనటం లేదు."

అతను సబ్‌స్టేషన్‌కి ఫోను కలిపాడు.
హలో హలో హలో హలో
అవతలివాడు హలో అనటానికి
సందే ఇవ్వటం లేదు.
నాకు నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.

నేనూ అదే చేశాను.
లెక్కల గదిలోంచి బయటికి రావాలంటే
ఏమీ రాయని ఒక పంక్తి పంపాలి.
అప్పుడు గానీ అది తలెత్తదు.
తలెత్తని మనిషికి
సెలవు చెప్పి ఏం లాభం?

రాసిపెట్టు.

ఇక సెలవు.

ఈసారి రెప్పపాటులో తలుపు తీసింది.
ముప్పై మూడు వాలులు అడిగితే
వచ్చినవి ఇరవై ఏడు.
చివర్లో మూడు చోట్ల గాలి రెక్కని వదిలేసి పోయింది.
మొదట్లో ఇంకో మూడు చోట్ల
లెక్క తిరిగి తిరిగి కుదురుకోలేక ఊరుకుంది.
తప్పు చెప్పలేదు, ఊరుకుంది.
నా మధ్యవర్తి మాత్రం బడాయి మనిషి.
రానివాళ్ల చోట్లో వెనకవాళ్లని కూర్చోబెట్టి
హాజరు పలికించేసింది.
గీత బ్రహ్మాండంగా వచ్చింది.
ఐదున్నర అంది.
ఒక్కో వరసనీ వేలితో సరిచూస్తే, ఏడు.

"ఏడు" అన్నాను.
అతను రేకు కోణమాని వెతికి
ఇరుసు మీద సుద్దతో గీత పెట్టి తలెత్తాడు.
గాలి లేదు.
కొబ్బరాకు కొస కూడా కదలటం లేదు.

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత అతను చెప్పులు తొడుక్కుని
పక్క చెరువు వాళ్ల డీజిల్ ఇంజను అడగటానికి వెళ్లాడు.
బ్యాటరీ పదకొండు.
పాత ఫైలు చెరిపేశాను.
ఉంచితే, ఈ ముసలిది
రేపటి లెక్కని తెచ్చి దాని కిందే రాస్తుంది.